గేముల కోసం ల్యాప్‌టాప్ ప్రాసెసర్: అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్ కొనేముందు సలహా అడిగేవాళ్లు ఇంటెల్ ప్రాసెసర్ల గురించి నన్ను మొదట అడిగేది ఒకటే: "ఐ5 చాలా, ఐ7 తీసుకోవాలా?" ఏ గేములు ఆడతారో చెప్పకుండా ఆ ప్రశ్న వేస్తే నా దగ్గర జవాబు ఉండదు.

అపోహ: ఐ5 కంటే ఐ7 ఎప్పుడూ మేలే.

వాస్తవం: పేరు చివరి అక్షరం చూడందే ఏదీ తేలదు: 'యూ' అంటే తక్కువ కరెంటుతో నడిచే రకం, 'హెచ్' అంటే ఎక్కువ పవర్ తీసుకునే రకం. ఐ7-1355యూ సంగతే చూడండి. పది కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), 5 గిగాహెర్ట్జ్ వేగం అని ఘనంగా కనిపిస్తుంది. ఆ పదింటిలో బరువు మోసే పెర్ఫార్మెన్స్ కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ పొదుపు కోర్లు. బేస్ పవర్ (నిలకడగా వాడుకునే కరెంటు) 15 వాట్లు. ఐ5-13420హెచ్‌లో ఉన్నవి ఎనిమిది కోర్లే అయినా, వాటిలో నాలుగు పెద్దవి. బేస్ పవర్ 45 వాట్లు. కొత్త ఓపెన్ వరల్డ్ గేమ్ గంటసేపు ఆడితే రెండోదే నిలబడుతుంది. మొదటిది కాసేపు జోరు చూపించి, పవర్ లిమిట్ తగలగానే నీరసపడుతుంది. అలాగని అది పనికిరాదని కాదు. పాత గేములే ఆడేవాళ్లకు దానితో ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మూడో అంకె చూడండి. రైజెన్ 5 7520యూలో అది 2, అంటే జెన్ 2. 2019లో వచ్చిన డిజైన్! రైజెన్ 7 7840హెచ్‌ఎస్‌లో అది 4, అంటే జెన్ 4. రెండూ 'ఏడువేలే' కదా అనుకున్నారో, మోసపోయినట్టే.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువుంటే పాత గేములు అంత బాగా ఆడతాయి.

వాస్తవం: చాలా పాత గేములు పనంతా ఒకటి రెండు థ్రెడ్‌ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరుసల) నెత్తినే పెడతాయి. 2007 నాటి క్రైసిస్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. 16 థ్రెడ్‌ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా, టాస్క్ మేనేజర్‌లో మొత్తం వాడకం 6 శాతం చిల్లరే కనిపిస్తుంది. అది చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటారు. అనుమానముంటే గేమ్ రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) పెరిగితే అడ్డం పడుతున్నది గ్రాఫిక్స్, కదలకపోతే చాలావరకు ప్రాసెసరే (ఎఫ్‌పీఎస్‌ను స్క్రీన్ వేగానికి కట్టేసే వీసింక్ సెట్టింగ్ ముందు తీసేయండి, లేకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు).

అపోహ: పాత గేమ్ ఓపెన్ కాలేదంటే ప్రాసెసర్ చాలడం లేదన్నమాట.

వాస్తవం: ఎక్కువసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న డిస్కు గేములను విండోస్ 10 నడపనివ్వదు. 16 బిట్ ఇన్‌స్టాలర్లు 64 బిట్ విండోస్‌లో చాలావరకు తెరుచుకోవు. ఫాల్‌అవుట్ 3 మల్టీకోర్ ప్రాసెసర్ల మీద ఫ్రీజ్ అవుతుంటే, ఐఎన్ఐ అనే సెట్టింగ్‌ల ఫైల్‌లో థ్రెడ్‌ల సంఖ్య 2కి తగ్గించడం ఏళ్లుగా అందరికీ తెలిసిన చిట్కా. 2011 స్కైరిమ్‌లోనైతే 60 ఎఫ్‌పీఎస్ దాటితే ఫిజిక్స్ గతి తప్పుతుంది, వస్తువులు వాటంతటవే ఎగిరిపడతాయి. అక్కడ వేగం తగ్గించుకోవాలి మరి.

అపోహ: విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే గేముల ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: 7840హెచ్‌ఎస్‌లో ఉన్న రేడియాన్ 780ఎమ్ గ్రాఫిక్స్‌కు 12 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలు) ఉన్నాయి. సెట్టింగ్‌లు తగ్గించుకుంటే చాలా గేములు 1080పీలో ఆడుకోవచ్చు. ఇక్కడ అందరూ మరిచిపోయేది ర్యామ్. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామే దిక్కు. ఒక్క స్టిక్ మాత్రమే ఉంటే దారి సగానికి ఇరుకవుతుంది. ఐరిస్ ఎక్స్‌ఈ అనే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఒక్క స్టిక్‌తో డివైస్ మేనేజర్ తెరిస్తే పేరు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తుంది. జత స్టిక్ వేయగానే ఐరిస్ ఎక్స్‌ఈగా మారుతుంది.

అపోహ: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లు కలిస్తే పనితీరూ అంతే.

వాస్తవం: ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్‌కి కంపెనీలు 35 నుంచి 115 వాట్ల దాకా ఇవ్వొచ్చు. పల్చటి మోడల్లో ఎంత ఇచ్చారో స్పెసిఫికేషన్ పేజీలో వెతికి చూడండి. కనిపించకపోతే నేనైతే కొనను.

ఆర్మ్ (ఫోన్లలో వాడే రకం) ప్రాసెసర్ విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. పాత గేములు ఎమ్యులేషన్ (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల కోసం రాసినవాటిని ఆర్మ్ మీద నడిపించే ఏర్పాటు) మీద చాలానే నడుస్తాయి. ఆన్‌లైన్ పోటీ గేములతోనే చిక్కు. మోసాలు పట్టుకోవడానికి విండోస్ లోలోపల పనిచేసే వాటి యాంటీ చీట్ కెర్నల్ డ్రైవర్లకు ఎమ్యులేషన్ వర్తించదు, ఆర్మ్ కోసం విడిగా తయారుచేసి ఉండాలి. మీ గేమ్‌కు అది వచ్చిందో లేదో చూసుకున్నాకే డబ్బు తీయండి.