క్లోరిన్ ఉంది సరే, పనిచేస్తోందా?

స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్ళగానే ముక్కుకు తగిలే ఘాటు వాసనను చాలామంది శుభ్రతకు గుర్తు అనుకుంటారు. క్లోరిన్ దండిగా వేశారు కాబట్టి భయం లేదని నిశ్చింతగా దిగుతారు. అసలు సంగతి దీనికి తలకిందులు. సరిగ్గా చూసుకుంటున్న పూల్‌కు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. ఆ ఘాటు క్లోరమైన్లది. మన చెమటలో, మూత్రంలో యూరియా, అమ్మోనియా లాంటి నత్రజని పదార్థాలుంటాయి. నీళ్ళలోని క్లోరిన్ వాటితో కలిసి మోనోక్లోరమైన్, డైక్లోరమైన్, ట్రైక్లోరమైన్ అనే పదార్థాలు తయారవుతాయి. వీటిలో మూడోది నీళ్ళలో నిలవదు, తేలిగ్గా గాలిలోకి లేస్తుంది. ఈత కొట్టాక కళ్ళు మండటానికి, దగ్గు రావడానికి చాలాసార్లు అదే కారణం. అంటే వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చేయాల్సిన పనికి అది చాలడం లేదని.

ఇంట్లో పూల్ ఉన్నవాళ్ళు మొదట తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఎంత క్లోరిన్ వేశామన్నది ఒక లెక్క, అందులో పనిచేస్తున్నది ఎంత అన్నది వేరే లెక్క. రెండోది తెలిస్తే నీళ్ళ కెమిస్ట్రీలో మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

క్లోరిన్‌ను ద్రవంగా పోసినా, పొడిగా వేసినా, బిళ్ళలుగా వేసినా నీళ్ళలో పడ్డాక అది ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్ అయాన్. బాక్టీరియాను చంపే అసలు పనిమంతురాలు మొదటిది. దానికి విద్యుదావేశం లేదు, అందుకే సూక్ష్మజీవి పైపొరను దాటి లోపలికి చొరబడుతుంది. రెండోదానికి రుణావేశం ఉంది. బాక్టీరియా పైపొరకూ రుణావేశమే కాబట్టి అది దగ్గరికి చేరడమే కష్టం. ఈ రెండింటి మధ్య బలంలో తేడా పదుల రెట్లు ఉంటుంది.

ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత. పీహెచ్ 7.2 దగ్గర ఉంటే క్లోరిన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 7.5 దగ్గర సుమారు సగం. 8కి చేరితే నాలుగో వంతు, 8.5కి వెళ్తే పదో వంతు. క్లోరిన్ ఒక్క చుక్క కూడా తగ్గలేదు, టెస్ట్ కిట్‌లో అంకె మారలేదు, కానీ నీళ్ళను కాపాడే శక్తి మాత్రం జారిపోయింది. పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్‌సన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. అందులో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్ల తేడా. 7.2కీ 8.2కీ మధ్య దూరం చూడ్డానికి చిన్నదే, నీళ్ళకు మాత్రం చాలా పెద్దది. అందుకే పూల్ నీళ్ళను 7.2 నుంచి 7.8 మధ్య ఉంచమంటారు. మన కన్నీళ్ళ పీహెచ్ కూడా సుమారు 7.4 కావడంతో ఆ హద్దుల్లో ఉన్న నీళ్ళు కళ్ళకూ సుఖంగా ఉంటాయి.

పట్టించుకోకుండా వదిలేస్తే చాలా పూల్స్‌లో పీహెచ్ మెల్లగా పైకి పోతుంది. నీళ్ళలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళ్ళిపోవడమే దీనికి ముఖ్య కారణం. ఫౌంటెన్, జలపాతం లాంటి హంగులు పెట్టినచోట నీళ్ళు గాలితో ఎక్కువగా కలుస్తాయి, పీహెచ్ ఇంకా త్వరగా పెరుగుతుంది. కొత్తగా సిమెంటు పూత వేసిన పూల్‌లోనూ ఇదే జరుగుతుంది. తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం గానీ, సోడియం బైసల్ఫేట్ పొడి గానీ వాడతారు.

ఇక ఎండ సంగతి. ఆరుబయట పూల్‌కు సూర్యుడే పెద్ద గండం. రక్షణ లేని క్లోరిన్‌లో సగం, మంచి ఎండలో గంట తిరక్కుండానే అతినీలలోహిత కిరణాలకు విరిగిపోతుంది. పొద్దున్నే సరిచూసి వేసిన మోతాదు మధ్యాహ్నానికి దాదాపు సున్నా. దీనికి విరుగుడుగా సయాన్యూరిక్ ఆసిడ్ వాడతారు, వ్యవహారంలో స్టెబిలైజర్ అంటారు. అది క్లోరిన్‌ను తనతో కట్టేసుకుని ఎండ నుంచి కాపాడుతుంది. అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసిన డబ్బులాంటిదన్నమాట: మనదే, భద్రంగానే ఉంది, కానీ ఈ క్షణాన చేతిలో ఉన్నది మాత్రం కొంచెమే. స్టెబిలైజర్ 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళో చెప్పే కొలత) ఉన్న నీళ్ళలో హైపోక్లోరస్ ఆమ్లంగా తిరుగుతున్న భాగం మొత్తం క్లోరిన్‌లో నూటికి నాలుగు పాళ్ళు కూడా ఉండదు. (ఇలాంటి నీళ్ళలో పీహెచ్ ప్రభావం పైన చెప్పినంత తీవ్రంగా ఉండదు, ఎందుకంటే పగ్గాలు స్టెబిలైజర్ చేతిలోకి వెళ్ళాయి.) అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మామూలు పూల్‌కు కనీసం 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్ (క్లోరమైన్లుగా చిక్కుకోని క్లోరిన్) ఉండాలని, స్టెబిలైజర్ వాడితే కనీసం 2 ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. తేలిగ్గా ఉంటాయని అందరూ వాడే తెల్లటి క్లోరిన్ బిళ్ళలు ఎక్కువగా ట్రైక్లోర్‌వి. ఆ బిళ్ళలోనే స్టెబిలైజర్ కలిసి ఉంటుంది. ట్రైక్లోర్ ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేర్చినప్పుడల్లా 6 పీపీఎం సయాన్యూరిక్ ఆసిడ్ కూడా చేరుతుంది. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది, సయాన్యూరిక్ ఆసిడ్ మాత్రం దాదాపు అలాగే మిగిలిపోతుంది. నీళ్ళు ఆవిరైనా అది పోదు. రోజుకు 2 పీపీఎం చొప్పున బిళ్ళల మీదే నడిపితే నెలకు 36 పీపీఎం పోగవుతుంది, మూడు నెలలకు వంద దాటుతుంది. అప్పుడు టెస్ట్‌లో క్లోరిన్ 3 అని నిక్షేపంగా కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం పచ్చబడతాయి. యజమాని ఇంకో రెండు బిళ్ళలు వేస్తాడు, సమస్య ఇంకాస్త ముదురుతుంది. పాచి మందులు కొంటాడు, అవీ తాత్కాలికమే. ఇక్కడ నికరంగా పనిచేసే ఉపాయం ఒక్కటే: కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపడం. సగం మారిస్తే సగానికి తగ్గుతుంది. బిళ్ళలు చెడ్డవని నేననను. ఊరెళ్ళినప్పుడు అవి బాగా అక్కరకొస్తాయి. ఏడాది పొడుగునా వాటి మీదే ఆధారపడటమే చేటు. రోజువారీ వాడకానికి ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, మేలని నాకనిపిస్తుంది. అది స్టెబిలైజర్‌నీ పెంచదు, కాల్షియంనీ పెంచదు. కాకపోతే వేడికీ వెలుతురుకూ త్వరగా బలం కోల్పోతుంది కాబట్టి నెలల తరబడి నిల్వ పెట్టుకోకూడదు.

ఉప్పునీటి పూల్ అంటే క్లోరిన్ లేని పూల్ అనుకోవడం ఇంకో అపోహ. అందులో ఉప్పు సుమారు 3000 నుంచి 3500 పీపీఎం ఉంటుంది, సముద్రపు నీటిలో పదో వంతు. ఆ ఉప్పునీటిలోంచి కరెంటు పంపి పరికరం అక్కడికక్కడే క్లోరిన్ తయారు చేస్తుంది. పేరు మారింది గానీ పనిచేసేది అదే హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ పెరిగే బెడద అక్కడ ఇంకా ఎక్కువ.

ఇవన్నీ తెలియాలంటే కొలవాలి. ఎక్కువగా వాడే పద్ధతి డీపీడీ పరీక్ష. నీటి నమూనాను పైపై నీళ్ళ నుంచి తీయకూడదు, క్లోరిన్ వచ్చి పడే రంధ్రం దగ్గర అసలే తీయకూడదు. సీసాను బోర్లించి మోచేతి లోతు వరకు ముంచి, అక్కడ తిప్పి నింపాలి. చుక్కల మందు వేయగానే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఎక్కువ. మొదట వేసే మందుతో వచ్చే రంగు ఫ్రీ క్లోరిన్‌ది. ఇంకో మందు కలిపాక రంగు పెరిగితే, ఆ పెరిగినంతా క్లోరమైన్లుగా చిక్కుకుపోయిన క్లోరిన్. దాన్ని కంబైన్డ్ క్లోరిన్ అంటారు. ఒక్కోసారి మందు పడగానే గులాబీ రంగు మెరుపులా వచ్చి, చూస్తుండగానే మాయమై నీరు ఏ రంగూ లేకుండా మిగులుతుంది. క్లోరిన్ సున్నా అనుకుని ఇంకా పోస్తారు. నిజానికి క్లోరిన్ మితిమీరి ఉండి ఆ రంగునే విరిచేసింది! అలాంటప్పుడు నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి మళ్ళీ చూడాలి. పీహెచ్ పరీక్షకు వాడే ఫినాల్ రెడ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. క్లోరిన్ బాగా ఎక్కువగా ఉంటే అది ఊదారంగుకు తిరిగి, పీహెచ్ చాలా ఎక్కువన్న భ్రమ కల్పిస్తుంది. కాబట్టి క్లోరిన్ బాగా దట్టించిన రోజు పీహెచ్ చూడకపోవడమే మంచిది.

మోతాదు లెక్కకు పెద్ద గణితం అక్కర్లేదు. ఒక పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉన్న పూల్‌లో 48 వేల లీటర్లు పడతాయి. అక్కడ ఒక పీపీఎం పెంచాలంటే 48 గ్రాముల క్లోరిన్ కావాలి, పది శాతం ద్రవమైతే ఇంచుమించు అర లీటరు. కంబైన్డ్ క్లోరిన్ 0.4 దాటితే మాత్రం ఈ చిన్న మోతాదులు చాలవు. దాన్ని విరగ్గొట్టడానికి, ఉన్న కంబైన్డ్ క్లోరిన్‌కు పదింతలు ఒక్కసారే వేయడం వాడుక. కొంచెం వేసి ఊరుకుంటే క్లోరమైన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారతాయే తప్ప పోవు, వాసన మరింత ఘాటెక్కుతుంది. ఈ పని సాయంత్రం, ఎండ దిగాక చేయాలి. పూల్ మీద కవర్ తీసి ఉంచాలి. పుట్టిన వాయువులు బయటికి పోవాలి కదా.

ఆల్కలినిటీ, కాల్షియం గురించి టెన్షన్ పడాల్సింది తక్కువే, కానీ వదిలేయడానికి లేదు. ఆల్కలినిటీ అంటే ముఖ్యంగా నీళ్ళలోని బైకార్బనేట్. పీహెచ్ ఇష్టమొచ్చినట్టు ఎగిరిపడకుండా అదే పట్టి ఉంచుతుంది. 80 నుంచి 120 పీపీఎం ఉంటే చాలు. తగ్గితే వంట సోడా వేస్తే సరిపోతుంది. పై కొలతల పూల్‌లో 10 పీపీఎం పెరగాలంటే సుమారు 800 గ్రాములు. కాల్షియం తక్కువైన నీళ్ళు తమకు కావాల్సిన కాల్షియంను గోడల సిమెంటు పూత నుంచి లాక్కుంటాయి, గోడ గరుకెక్కుతుంది. ఎక్కువైతే తెల్లటి గార పడుతుంది. ఉప్పూ పంచదారా వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతాయి, కాల్షియం కార్బనేట్‌ది మాత్రం ఎదురు తీరు, వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే హీటర్ ఉన్న పూల్‌లో గార మొదట పట్టేది హీటర్ లోపలే. నీరు సున్నాన్ని కరిగిస్తుందా, పేరుస్తుందా అని ముందే లెక్కగట్టే సూత్రాన్ని 1936లో విల్‌ఫ్రెడ్ లాంగ్లియర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ప్రచురించాడు. నగరాల నీటి పైపులు తుప్పు పట్టకుండా చూడటం కోసం పుట్టిన ఆ లెక్కే ఇవాళ పూల్స్‌కూ దిక్కు.

ఫిల్టర్ విషయంలో ఒక్క మాట. ఇసుక ఫిల్టర్‌ను రోజూ బ్యాక్‌వాష్ చేయడం, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగడం వల్ల మేలు లేదు. కొంచెం మురికి పట్టిన ఇసుకే సన్నటి నలుసుల్ని బాగా ఆపుతుంది. శుభ్రంగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ఎంత చూపిందో రాసి పెట్టుకుని, దానికి మించి 8 నుంచి 10 పీఎస్ఐ (గేజ్ మీద ప్రెషర్ కొలత) పెరిగినప్పుడు చేస్తే చాలు. పూల్ అడుగున ఉన్న డ్రెయిన్ మూత గట్టు మీద నుంచి స్పష్టంగా కనబడనంతగా నీరు మసకబారితే ఆ రోజు ఎవరినీ దిగనివ్వకూడదు. మునిగిపోతున్న మనిషీ కనబడడు కాబట్టి.

ప్రాణం మీదికి తెచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి. ట్రైక్లోర్‌నూ కాల్షియం హైపోక్లోరైట్‌నూ ఒక డబ్బాలో కలపకూడదు, ఒకదానికి వాడిన చెంచా ఇంకోదానిలో పెట్టకూడదు. రెండూ క్లోరినే కదా అనిపిస్తుంది, కానీ కలిస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు. ఆమ్లమూ క్లోరినూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ గ్యాస్ వెలువడుతుంది, కాబట్టి వాటిని పక్కపక్కన నిల్వ కూడా చేయకూడదు. రసాయనాన్ని నీళ్ళలో వేయాలి, రసాయనం మీద నీళ్ళు పోయకూడదు.

అన్నీ సరిగ్గా చూసుకున్నా క్లోరిన్‌కు తేలిగ్గా లొంగని జీవి ఒకటుంది. 1 పీపీఎం క్లోరిన్‌లో చాలా రకాల ఈ. కోలై బాక్టీరియా నిమిషంలోపే చస్తుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం అదే నీళ్ళలో ఏడు రోజులకు పైగా బతుకుతుంది, దాని గట్టి పెంకు అలాంటిది. పూల్‌లో ఎవరికైనా నీళ్ళ విరేచనం అయితే సీడీసీ చెప్పే పద్ధతి ఇది: పీహెచ్ 7.5కి మించకుండా ఉంచి, స్టెబిలైజర్ లేని నీళ్ళలో 20 పీపీఎం క్లోరిన్‌ను 12 గంటల 45 నిమిషాలు, స్టెబిలైజర్ 15 పీపీఎం వరకు ఉంటే 28 గంటలు నిలబెట్టాలి. స్టెబిలైజర్ అంతకన్నా ఎక్కువగా ఉంటే ముందు నీరు మార్చి తగ్గించుకోవాలి. ఇంత అవస్థ రాకుండా ఉండాలంటే విరేచనాలతో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పిల్లలు, పూల్‌లోకి దిగకూడదు. క్రిప్టోస్పోరిడియం అని తేలితే, విరేచనాలు పూర్తిగా తగ్గాక కూడా ఇంకో రెండు వారాలు ఆగాలి.