పాక్టోలస్: కలం కదులుతుండగా ప్రశ్న మార్చొచ్చు

1960ల మొదట్లో కారు షాక్ అబ్జార్బర్ గుంతలో ఎలా ఊగుతుందో లెక్కతో తేల్చాలంటే ఇంజనీరుకు రెండు దారులు. ఒకటి అనలాగ్ కంప్యూటర్: వైర్లు కలిపి, నాబ్ తిప్పుతుంటే తెర మీద గీత అప్పటికప్పుడే మారేది. రెండోది పెద్ద డిజిటల్ కంప్యూటర్: కార్డుల కట్ట ఇచ్చేసి, ఫలితం ఎప్పుడొస్తే అప్పుడు తెచ్చుకోవాలి. లెక్క కచ్చితంగా ఉంటుంది, కానీ యంత్రంతో మాట్లాడే వీలుండదు.

అమెరికాలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో తయారైన మిడాస్ ప్రోగ్రాం, అనలాగ్ కంప్యూటర్‌లో కూడిక లాంటి ఒక్కో పని చేసే భాగాలను, అంటే బ్లాకులను, పెద్ద డిజిటల్ యంత్రంలోకి తెచ్చింది. 1964లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ బ్రెన్నన్, హార్లన్ సానో అదే పనిని చిన్న ఐబీఎం 1620 మీద చేసి చూపించారు. పేరు పాక్టోలస్, అదొక నది పేరు. పట్టిందల్లా బంగారమయ్యే వరాన్ని గ్రీకు కథలో మిడాస్ కడిగేసుకున్నది ఆ నదిలోనే!

1620 ఎంత నెమ్మదంటే, కూడికలు కూడా జ్ఞాపకశక్తిలో దాచుకున్న పట్టిక చూసి చేసేది. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు వచ్చిందీ ఈ రకం యంత్రమే.

లోపల జరిగే పని చూద్దాం. స్ప్రింగుకు వేలాడే బరువు ఉంది. స్థానం 1, వేగం 0. త్వరణం ఎప్పుడూ స్థానమంతే, దిశ మాత్రం వ్యతిరేకం. కాలాన్ని 0.1 సెకను అడుగులుగా కోద్దాం. మొదటి అడుగులో వేగం -0.1, ఆ వేగంతో స్థానం 0.99. రెండో అడుగులో వేగం -0.199, స్థానం 0.9701. ఇలా వందలసార్లు చేస్తే ఊగిసలాట బయటపడుతుంది. అసలు ప్రోగ్రాం వాడిన పద్ధతి ఇంతకంటే నేర్పైనది.

ఇక్కడొక చిక్కుంది. త్వరణానికి స్థానం కావాలి, స్థానానికి వేగం, వేగానికి మళ్లీ త్వరణం. విత్తు ముందా, చెట్టు ముందా? అడుగడుగునా మార్పును కూడుతూ పోయే బ్లాకు, అంటే ఇంటిగ్రేటర్, పోయిన అడుగు విలువను గుర్తుంచుకుంటుంది కాబట్టి ముడి అక్కడ విప్పొచ్చు. ఏ బ్లాకు తర్వాత ఏది లెక్కించాలో ప్రోగ్రామే వరస తేల్చుకునేది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. అనలాగ్ యంత్రంలో అన్నీ ఒకేసారి జరుగుతాయి గనుక ఈ ప్రశ్నే పుట్టదు.

ఇంజనీరు యంత్రం ముందే కూర్చునేవాడు. ప్లాటర్ (కాగితం మీద గీతలు గీసే యంత్రం) కలం గీత గీస్తుంటే చూసి, ఊగడం ఎక్కువైందనిపిస్తే స్విచ్ వేసి ఆపేవాడు. టైప్‌రైటర్ మీద ఘర్షణకు కొత్త అంకె కొట్టేవాడు. కలం మళ్లీ మొదటికొచ్చి, అదే కాగితం మీద పాత గీత పక్కనే త్వరగా సద్దుమణిగే రెండో గీత గీసేది.