ఎవరికీ ఏమీ ఇవ్వనన్న డాక్టరు

2012 ఆగస్టు 28. ఫ్లోరిడాలోని టాంపాలో రిపబ్లికన్ పార్టీ మహాసభ. ఒక్కో రాష్ట్రాన్నీ పేరుపెట్టి పిలుస్తున్నారు. ఆ రాష్ట్ర ప్రతినిధులు మైకు అందుకుని అధ్యక్ష అభ్యర్థిగా తమ ఓట్లు ఎవరికో చెబుతున్నారు. అయోవా వంతు వచ్చింది. ఉన్న 28 ఓట్లలో 22 రాన్ పాల్‌కి, 6 అప్పటికే అభ్యర్థిత్వం ఖాయమైన మిట్ రామ్నీకి అన్నారు. వేదిక మీంచి లెక్క తిరిగి చదివినప్పుడు మాత్రం రామ్నీకి వచ్చిన ఆరే వినిపించాయి. మిగతా 22 గాలిలో కలిసిపోయాయి. పాల్‌కి ఓట్లు పడ్డ ప్రతి రాష్ట్రం దగ్గరా ఇదే వరస.

ఎవరీయన? టెక్సస్ సముద్రతీరంలో 4 వేలకు పైగా కాన్పులు చేసిన ప్రసూతి వైద్యుడు. ఏళ్ల తరబడి అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నారు. రాజ్యాంగంలో స్పష్టంగా లేని ఏ ఖర్చుకైనా అడ్డంగా ఓటేసేవారు కాబట్టి ‘డాక్టర్ నో’ అని పేరు పడింది. సిద్ధాంతం లిబర్టేరియన్. మన మాటల్లో చెప్పుకుంటే ప్రభుత్వం నా జేబులో చెయ్యి పెట్టకూడదు, నా పడకగదిలోకి తొంగిచూడకూడదు, ఊరికే పరాయి దేశాల మీద బాంబులు వెయ్యకూడదు. మూడూ ఒకే తీగకి కాసిన కాయలు. తర్కంలో ఎక్కడా పగులు లేదు. చిక్కంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

పార్టీ అంటే తర్కశాస్త్ర గ్రంథం కాదు, ఉమ్మడి కాపురం. రిపబ్లికన్ల ఇంట్లో పన్ను తగ్గించమనే వ్యాపారులున్నారు, గర్భస్రావాన్ని దేశమంతటా నిషేధించమనే చర్చి జనం ఉన్నారు, సైన్యానికి ఇంకా డబ్బు పొయ్యమనేవాళ్లున్నారు, మొక్కజొన్న ఇథనాల్‌కి రాయితీ కావాలనే రైతులున్నారు, పింఛను ముట్టుకుంటే ఊరుకోమనే ముసలివాళ్లున్నారు. ఒకరి కోరికకీ ఇంకొకరి కోరికకీ పొంతన లేకపోయినా, నీది నేను కానిస్తాను, నాది నువ్వు కానివ్వు అన్న ఒప్పందం మీద కాపురం సాగుతుంది. అభ్యర్థిని నిలబెట్టేదీ, విరాళాలు పోగుచేసేదీ, ఇంటింటికీ తిరిగేదీ వీళ్లే. అంతా ప్రభుత్వం నుంచి ఏదో ఒకటి కావాలనుకునేవాళ్లే. ఆ ఇంటికి వచ్చి ‘నేను గెలిస్తే ఎవరికీ ఏమీ ఇవ్వను’ అంటే ఎలా ఉంటుంది? 2012లో పాల్ ప్రణాళిక మొదటి ఏడాదే లక్ష కోట్ల డాలర్ల కోత పెట్టింది. విద్య, ఇంధనం, వాణిజ్యం, గృహనిర్మాణం, అంతర్గత వ్యవహారాలు – ఐదు శాఖలు మూసెయ్యడమే.

మరి డెమోక్రాట్లు? యుద్ధాలు వద్దంటే, గంజాయి తాగినవాణ్ణి జైల్లో పెట్టొద్దంటే వాళ్లకి సంతోషమే. ఆ వెంటనే విద్యాశాఖ ఎత్తేస్తాననగానే లేచి వెళ్లిపోతారు. ఇష్టమైన కూర వడ్డించి అన్నం లాగేసుకున్నట్టు.

దీన్ని దగ్గరగా చూడాలంటే 2005 సెప్టెంబరుకి వెళ్లాలి. కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ని ముంచేసింది. 5,180 కోట్ల డాలర్ల సహాయ బిల్లు ప్రతినిధుల సభకి వచ్చింది. వ్యతిరేకంగా పడినవి 11 ఓట్లు. అందులో ఒకటి పాల్‌ది. ఆయన నియోజకవర్గంలోనే గాల్వెస్టన్ ఉంది. 1900లో తుఫానుకి వేలమంది కొట్టుకుపోయిన ఊరు అది. అలాంటి తీరంలో నిలబడి తుఫాను సహాయానికి వద్దని ఓటేసిన మనిషిని ఆ ఓటర్లే మళ్లీ గెలిపించారు. కారణం సిద్ధాంతమేనంటే నేను నమ్మను. ఆ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పురుడు పోసిన చెయ్యి అది. పైగా తన నియోజకవర్గానికి కావలసిన పనుల నిధులు బిల్లులో రాయించి, అదే బిల్లుకి వ్యతిరేకంగా ఓటేసే అలవాటు కూడా ఆయనకుండేది. బిల్లు ఎలాగూ గట్టెక్కుతుంది, నిధులు వస్తాయి, ఓటు మడి కట్టుకునే ఉంటుంది. నియోజకవర్గంలో చెల్లిన ఈ లెక్క దేశమంతటా చెల్లదు. అంతమందికి పురుడు పొయ్యడం ఎవరితరం?

ఓటర్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లాయిడ్ ఫ్రీ, హాడ్లీ కాంట్రిల్ అనే పరిశోధకులు 1960ల్లోనే ఒక విషయం పట్టుకున్నారు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలా అంటే అమెరికన్లు ఉండాలంటారు. మరి ఫలానా పథకం తీసేద్దామా అంటే అది మాత్రం ఉంచమంటారు. 2016 ఎన్నికల ఓటర్ల మీద లీ డ్రట్‌మన్ అనే రాజకీయ శాస్త్రవేత్త ఇంకో పని చేశాడు. ఆర్థిక అభిప్రాయాలు అడ్డగీత మీద, సామాజిక అభిప్రాయాలు నిలువుగీత మీద పెట్టి ఓటర్లందర్నీ నాలుగు గదుల్లో సర్దాడు. డబ్బు విషయంలో స్వేచ్ఛ, జీవితం విషయంలో కూడా స్వేచ్ఛ కోరే లిబర్టేరియన్ గదిలో తేలినవాళ్లు 3.8 శాతం. సరిగ్గా దానికి ఎదురుమూల గది, అంటే ప్రభుత్వ సాయమూ కావాలి, పాత కట్టుబాట్లూ కావాలి అనేవాళ్లది, 28.9 శాతం. ట్రంప్‌కి దారి దొరికింది ఆ గదిలోంచే. టీవీ చర్చల్లో ‘ఆర్థికంగా కుడి, సామాజికంగా ఎడమ’ అనే మేధావులు బోలెడుమంది కనబడతారు గనక లిబర్టేరియన్ గది కిటకిటలాడుతుందని మనం భ్రమపడతాం.

రవి అయ్యర్, జోనథన్ హైట్ తదితరులు 2012లో దాదాపు 12 వేలమంది లిబర్టేరియన్ల మనస్తత్వాన్ని ఉదారవాదులతో, సంప్రదాయవాదులతో పోల్చి చూశారు. లిబర్టేరియన్లకి తర్కం మీద మక్కువ ఎక్కువ, గుంపు పట్ల విధేయత, పెద్దరికం పట్ల గౌరవం, చివరికి ఇంటివాళ్లతో అనుబంధం కూడా కాస్త తక్కువ అని తేలింది. పార్టీ నడిచేదే విధేయత మీద. పదిమందిలో కలవని పదిమందిని కూడగట్టి సంఘం పెట్టడం ఎంత కష్టమో ఊహించండి.

ఇన్ని ఉన్నా అయోవాలో 22 ఓట్లు ఎలా వచ్చాయంటే, అది సిద్ధాంతం గెలుపు కాదు, ఓపిక గెలుపు. జనవరి 3 రాత్రి అక్కడ బడుల్లో, చర్చి హాళ్లలో పార్టీ కార్యకర్తల సభలు జరిగాయి. అందరూ చీటీ మీద పేరు రాసి వేశారు. పాల్‌కి 21 శాతం, మూడో స్థానం. ఆ చీటీలకి ప్రతినిధులెవరన్న దానితో సంబంధం లేదు. చాలామంది చలిలో ఇంటికి పోయారు. పాల్ మనుషులు మాత్రం కుర్చీల్లోంచి కదల్లేదు. తర్వాత జరిగే జిల్లా సభకి ఎవరు వెళ్తారని అడగ్గానే చెయ్యెత్తారు. జిల్లాలోనూ అంతే, రాష్ట్రంలోనూ అంతే. ఎక్కువగా కుర్రాళ్లు. ఆ రాత్రి ముప్ఫై లోపు వయసువాళ్లలో దాదాపు సగంమంది పాల్‌కే వేశారు. పార్టీ పెద్దలు ఊరుకుంటారా? టాంపాలో మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన పాల్ ప్రతినిధుల్లో పదిమందిని తీసేసి రామ్నీవాళ్లని కూర్చోబెట్టారు. అభ్యర్థి పేరు ప్రతిపాదించాలంటే ఇకమీదట ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధుల్లో మెజారిటీ ఉండాలని నిబంధన బిగించారు.

అయితే సొంత పార్టీ పెట్టుకోవచ్చు కదా? ఉంది, 1971 నుంచీ ఉంది. 1988లో ఆ లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థిగా పోటీ చేసింది పాలే. వచ్చింది అర శాతం కూడా కాదు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే గెలుపు అయిన చోట చివరికి రెండు పార్టీలే మిగులుతాయని ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1951లోనే చెప్పాడు. 1992లో స్వతంత్రంగా నిలబడ్డ రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లొచ్చాయి, రాష్ట్రాల వారీగా లెక్కకట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. 2009లో 294 సీట్లకి 18 దగ్గర ఆగిపోయిన ప్రజారాజ్యాన్ని చూసిన మనకి ఈ లెక్క కొత్తగా విప్పిచెప్పక్కర్లేదు. 2016లో లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి గ్యారీ జాన్సన్ దాదాపు 45 లక్షల ఓట్లు, 3.3 శాతం తెచ్చుకున్నాడు. ఆ పార్టీకి అదే శిఖరం. సర్వేల్లో 15 శాతం దాటితేనే టీవీ చర్చకి రానిస్తారు, టీవీ చర్చకి వస్తేనే 15 శాతం దాటగలరు.

2024 మేలో ఇదే పార్టీ మహాసభకి ట్రంప్ వచ్చాడు. జనం నిరసనగా ఈలలు వేసి గోల చేశారు. నాలుగేళ్లకోసారి మీ 3 శాతం తెచ్చుకుంటూ ఉండండని వెక్కిరించాడు. ఆ సభలోనే ఒక మాట కూడా ఇచ్చాడు. మత్తుమందులు చేతులు మారే సిల్క్ రోడ్ అనే రహస్య వెబ్‌సైటు నడిపి యావజ్జీవం పడ్డ రాస్ ఉల్‌బ్రిక్ట్‌ని వదిలిపెట్టడం ఆ పార్టీవాళ్ల చిరకాల కోరిక. అది తీరుస్తానన్నాడు. నవంబరులో లిబర్టేరియన్ అభ్యర్థికి అర శాతం కూడా రాలేదు. 2025 జనవరి 21న, గద్దెనెక్కిన మర్నాడే, ట్రంప్ ఉల్‌బ్రిక్ట్‌కి క్షమాభిక్ష పత్రం మీద సంతకం పెట్టాడు. అడగడానికి ఏదో ఒకటి పట్టుకుని ఉమ్మడి కాపురం గడపలో నిలబడితే ఒట్టి చేతులతో పంపరని వాళ్లకీ అప్పటికి తెలిసినట్టుంది.