గబుక్కున తట్టే జవాబు, నిదానంగా వచ్చే జవాబు: అపోహలు - వాస్తవాలు

నిర్ణయాలు తీసుకోవడంపై శిక్షణ ఇవ్వడం నా పని. ప్రతి బ్యాచ్‌కీ మొదట ఒక లెక్క ఇస్తాను. చెరువులో తామరాకులు రోజూ రెట్టింపవుతున్నాయి. చెరువంతా కమ్మేయడానికి 48 రోజులు పడితే, సగం కమ్మేయడానికి ఎన్ని? "24!" అని ఎవరో ఒకరు అరుస్తారు. జవాబు 47. జనం నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశోధించే షేన్ ఫ్రెడరిక్ 2005లో ప్రచురించిన మూడు ప్రశ్నల పరీక్షలో ఇదొకటి.

అపోహ: తెలివి తక్కువవాళ్లే ఇలా తప్పు చెబుతారు.

వాస్తవం: రెట్టింపయ్యే ముందు రోజు ఉన్నది సగమే కదా! ఆ మాత్రం లెక్క రానివాళ్లు ఉండరు. 24 అని తట్టగానే ఇక సరిచూసుకోరు, అంతే. పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థులూ ఈ పరీక్షలో బోల్తా పడ్డారు.

అపోహ: మెదడులో వేగానికి ఒక భాగం, నిదానానికి ఇంకో భాగం ఉంటాయి.

వాస్తవం: లేవు. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ జనంలోకి తెచ్చిన 'సిస్టమ్ 1' (గబుక్కున తట్టే ఆలోచన), 'సిస్టమ్ 2' (నిదానంగా చేసే ఆలోచన) చెప్పుకోవడానికి వీలుగా పెట్టుకున్న పేర్లు.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లకు తట్టింది నమ్మేయొచ్చు.

వాస్తవం: ఏ పనిలో అనుభవం? మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ అగ్నిమాపక అధికారులను దగ్గరగా పరిశీలించారు. ఒక అధికారి వంటగదిలో మంటపై నీళ్లు కొట్టిస్తున్నాడు. మంట తగ్గట్లేదు, వేడి మరీ ఎక్కువగా ఉంది, చప్పుడు మాత్రం తక్కువ. ఏదో తేడాగా అనిపించి అందరినీ బయటికి పంపేశాడు. కాసేపటికే నేల కూలింది. అసలు మంట కింది అంతస్తులో ఉంది! మరి ఇంటర్వ్యూలు చేసేవాళ్ల సంగతి? "మనిషిని చూడగానే చెప్పేస్తా" అంటారు. తాము వద్దనుకున్నవాళ్లు వేరేచోట ఎలా రాణించారో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. తప్పు తెలియకపోతే దిద్దుకునేదెలా? కానెమన్, క్లైన్ ఏళ్ల తరబడి విభేదించి, 2009లో కలిసి రాసిన వ్యాసంలో తేల్చింది ఇదే: పనిలో ఒక క్రమం ఉండాలి, ఫలితం తెలుస్తూ చాలాకాలం సాధన చేయాలి. అప్పుడే ఆ 'అనిపించడానికి' విలువ.

అపోహ: నిదానంగా ఆలోచిస్తే తప్పు జరగదు.

వాస్తవం: ఉద్యోగం మారాలా వద్దా అని నేను వారం రోజులు పట్టిక వేశాను. ఒక్కో అంశానికీ పదికి ఇన్ని మార్కులని. చివరికి చూస్తే, నాకు కావాల్సింది గెలిచేదాకా మార్కులు మారుస్తూ కూర్చున్నాను! నిదానం చాలాసార్లు ముందే చేసేసిన నిర్ణయానికి వకాల్తా పుచ్చుకుంటుంది. ఇప్పుడు ఏ అంశం ఎంత ముఖ్యమో ముందు రాసి స్నేహితుడికి ఇచ్చేస్తాను. పట్టిక వేసేది ఆ తర్వాతే.