రొయ్యల డబ్బు పంచాయతీకి వస్తుందా? డెల్టా పంచాయతీల జమాఖర్చులపై అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. ఇంటి పన్నుకు వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర వినే మాటలే ఇవి. ఈ అపోహల వల్లే చాలాచోట్ల బకాయిలు పేరుకుపోతున్నాయి.

అపోహ: కేంద్రం కోట్లిస్తోంది, ఇంక మా పన్నుతో పనేముంది?

డబ్బు వచ్చిన మాట నిజమే. 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బును ఎవరికెంత పంచాలో చెప్పే సంస్థ) 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. కానీ అందులో 60 శాతం ఏ పనికో ముందే రాసిపెట్టింది. ఆ లెక్కన ఒక పంచాయతీకి 10 లక్షలు వచ్చాయనుకోండి. 3 లక్షలు తాగునీటికే, 3 లక్షలు పారిశుధ్యానికే. మిగిలిన 4 లక్షలు ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ ముట్టుకోకూడదు. బిల్ కలెక్టర్ జీతం, ఆఫీసు కరెంటు బిల్లు, అప్పటికప్పుడు వచ్చిపడే ఖర్చు, ఇవన్నీ జనరల్ ఫండ్ నుంచే. ఆ ఫండ్ అంటే మీ ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత ఆశీలు, పంచాయతీ చెరువుల వేలం పాటలు.

అపోహ: ఆక్వాలో కోట్లు తిరుగుతున్నాయి కాబట్టి మన పంచాయతీలకు లోటు లేదు.

రొయ్యల చెరువుకు ఇంటి పన్ను ఉండదు. ఎగుమతిలో పంచాయతీకి వాటా లేదు. జీఎస్టీ కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది. ఆ డబ్బు మన దాకా రావాలంటే చుట్టు తిరిగి రావాలి. రైతు ఇల్లు కడితే ప్లాన్ ఫీజు, ఆపైన ఇంటి పన్ను. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ అప్పుడు కట్టే, స్థానిక సంస్థలకు చెందాల్సిన 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ.

అందుకే రొయ్య ధర పడితే ఆ దెబ్బ మనకు ఆలస్యంగా తగులుతుంది. 2020 లాక్‌డౌన్‌లో పట్టిన సరుకు కొనేవాళ్లు లేక రైతులు అల్లాడారు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మళ్లీ అదే టెన్షన్. అలాంటప్పుడు పై అంతస్తు కట్టడం వాయిదా పడుతుంది, స్థలాల బేరాలు ఆగుతాయి, పంచాయతీ చెరువు పాటలో పాటదారులు వెనక్కి తగ్గుతారు.

ఖర్చు మాత్రం అలా ఆగదు. ఉప్పునీటి చెరువులు ఆనుకుని ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు నోట పెట్టలేం. వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీటి చెరువు నింపుకోవాలి. మోటారు కరెంటు, నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్‌లో ఇసుక మార్చడం, క్లోరిన్, గట్టు మరమ్మతు, అన్నిటికీ డబ్బు కావాలి. పక్క చెరువులోంచి ఉప్పునీరు ఊరి మంచినీటి చెరువులోకి దిగిందంటే ఆ వేసవంతా ట్యాంకర్లే దిక్కు. ఈ భారం ఊరందరిదీ. ఆక్వా లాభంలో కొంతైనా తాగునీటి ఖర్చుకు నేరుగా చేరే దారి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఖాతాలో డబ్బుంటే సర్పంచ్ గారు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

కుదరదు. ఆర్థిక సంఘం నిధులకు సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి. జనరల్ ఫండ్ బిల్లు ట్రెజరీలో పాసవ్వాలి. పుస్తకంలో నిల్వ కనిపిస్తున్నా, బిల్లు పాసయ్యే దాకా పని చేసినవాళ్లు ఎదురుచూడాల్సిందే.

అపోహ: కరోనాలో సర్పంచులు పట్టించుకోలేదు.

2020లో అసలు సర్పంచులే లేరు. 2018 ఆగస్టులో వాళ్ల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యంతా ప్రత్యేకాధికారుల పాలనే.

అపోహ: ఆదాయం పెరగాలంటే పన్ను రేటు పెంచాల్సిందే.

కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలు ఎన్నో. వాటిలో కొన్ని డిమాండ్ రిజిస్టర్‌లో (ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకంలో) ఇప్పటికీ పెంకుటిళ్లే. పెంకుటింటికి వేసిన పన్నే మేడకూ నడుస్తోంది. రేటు అలాగే ఉంచి కొలతలు మళ్లీ వేస్తే చాలు, డిమాండ్ పెరుగుతుంది. అన్నిటికంటే న్యాయమైన రాబడి ఇదేనని నా అభిప్రాయం.

అపోహ: పంచాయతీ లెక్కలు మామూలు మనిషికి చూపించరు.

ఆర్థిక సంఘం నిధుల ఖర్చు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీ ఊరి పేరు ఎంచుకుంటే చెల్లింపులు కనిపిస్తాయి. జనరల్ ఫండ్ లెక్క గ్రామసభలో అడగండి, పోయినేడాది డిమాండ్ ఎంత, వసూలు ఎంత అన్నది కూడా కలిపి.