లినక్సులో మీ గది ఏది?

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రాజాం నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. మీ నాన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి ఇచ్చాక మీరిద్దరూ దాని రూపురేఖలు మార్చే పనిలో పడ్డారనీ, తెర అడుగున ఉండే ప్యానెల్ ఒకనాడు మాయమైందనీ, ఆ భయంతో దాన్ని ముట్టుకోవడమే మానేశారనీ రాశారు. భయపడవలసిందేమీ లేదు. అయితే ఏ మార్పు ఎక్కడ నమోదవుతోందో చూసుకోకుండా కనబడిన మీటనల్లా నొక్కుకుంటూ పోవడం కూడా మంచిది కాదు.

హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన కెర్నెల్ పేరే లినక్స్. యంత్రం చేత పని చేయించేది అదే. మీ కంటికి కనిపించే కిటికీలు, మెనూ, ప్యానెల్ మాత్రం దానిపైన నడిచే వేరే ప్రోగ్రాములు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేది 1996లో మొదలైన అటువంటి ప్రోగ్రాముల కూటమి. కాబట్టి ప్యానెల్ కనిపించకపోతే కంప్యూటర్ పాడైందని కాదు, ఒక ప్రోగ్రాము సెట్టింగులు తారుమారయ్యాయని మాత్రమే అర్థం.

ఆ సెట్టింగులు ఎక్కడున్నాయో ఇప్పుడు చూద్దాం. ఫైల్ మేనేజర్‌లో మీ హోమ్ ఫోల్డర్ (మీ ఖాతాకు సొంతమైన ఫోల్డర్, అంటే మీ గది) తెరిచి, కంట్రోల్ మీటతో పాటు హెచ్ నొక్కండి. అంతవరకూ కనబడనివి, చుక్కతో మొదలయ్యే పేర్లున్నవి, బయటపడతాయి. వాటిలో డాట్ కాన్ఫిగ్ (.config) అనే ఫోల్డర్, దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 (xfce4) అనే ఫోల్డర్, ఇంకా లోపలికి వెళితే ప్యానెల్ పేరుతో ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటాయి. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే సైజ్ అనే మాట ఉన్న వరుసలోనే ఒక అంకె కనిపిస్తుంది. మీ ప్యానెల్ మందం అదే! మీరు మౌస్‌తో జరిపినదంతా చివరికి ఇలా చదువుకోదగిన అక్షరాలుగా ఒక ఫైలులో చేరుతుంది. అయితే ఆ ఫైలును చదవండి గాని, డెస్క్‌టాప్ నడుస్తుండగా అందులో దిద్దకండి. నడుస్తున్న ప్రోగ్రాము పాత విలువలనే గుర్తుంచుకుని, మీరు రాసినదాని మీద మళ్ళీ తన రాత రాసేస్తుంది.

ఇక పోయిన ప్యానెల్ సంగతి. ముందుగా ఇంకొక యూజర్ ఖాతా తెరిచి అందులోకి వెళ్ళి చూడండి. అక్కడ ప్యానెల్ సరిగా ఉంటే లోపం మీ హోమ్‌లోని చుక్క ఫోల్డర్లలోనే ఉన్నట్టు. అక్కడా లేకపోతే సిస్టమ్‌లో ఉన్నట్టు. ఏ చిక్కు వచ్చినా నేను మొదట చేసే పరీక్ష ఇదే. లోపం మీ వైపే అని తేలితే, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, పాస్‌వర్డ్ అడిగే తెర వద్దనే ఆగి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కండి. నల్లని తెర వస్తుంది. అక్కడ మీ పేరుతో లాగిన్ అయి (పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్క కూడా కనబడదు, కంగారు పడకండి), డాట్ కాన్ఫిగ్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ పేరును ఎంవీ అనే ఆదేశంతో (mv .config/xfce4 .config/xfce4-old) మార్చి, ఎగ్జిట్ (exit) అని కొట్టి, సాధారణంగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7తో వెనక్కి రావచ్చు. అప్పుడు లాగిన్ అయితే డెస్క్‌టాప్ మొదటిరోజు ఉన్నట్టే ఉంటుంది. ఫోల్డర్‌ను చెరిపేయవద్దు, పేరు మాత్రమే మార్చండి. మీరు చేసుకున్న మిగతా అలంకారాలన్నీ అందులోనే ఉన్నాయి.

మన వైపు పాత మండువా లోగిళ్ళలో ఎవరి గదికి వారు నచ్చిన రంగు వేసుకునేవారు గాని, దూలం మీద చెయ్యి వేయాలంటే ఇంటి పెద్దను అడిగేవారు. లినక్సులో అలా ఇంటి పెద్దను అడగడమంటే పాస్‌వర్డ్ కొట్టడమే. గిడుగు, గురజాడ పేర్లతో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇద్దరూ మన ప్రాంతంతో ముడిపడినవారే కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి. హోమ్‌లోని డాట్ లోకల్‌లో షేర్, అందులో ఫాంట్స్ అనే ఫోల్డర్ లేకపోతే సృష్టించి, ఫైళ్ళను అక్కడ వేయండి. పాస్‌వర్డ్ అడగదు, మీ ఖాతాకు మాత్రమే ఆ ఫాంట్లు వస్తాయి. అవే ఫాంట్లను యూఎస్ఆర్ (usr) అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఉన్న ఫాంట్ల ఫోల్డర్‌లో వేయాలంటే పాస్‌వర్డ్ కావాలి, ఎందుకంటే అది ఆ యంత్రం వాడే అందరిదీ.

అందువల్ల ఎక్కడో చూసిన ఆదేశం సుడో (sudo, అంటే ఇంటి పెద్ద హక్కుతో పని చేయించే మాట) అన్న మాటతో మొదలైతే ఎంటర్ కొట్టకుండా ఆగండి. మ్యాన్ (man) అని కొట్టి, ఖాళీ విడిచి, సుడో తర్వాత ఉన్న ఆదేశం పేరు రాస్తే దాని వివరణ వస్తుంది. బయటికి రావడానికి క్యూ నొక్కాలి. ఆ వివరణ చదవడానికి విసుగ్గానే ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఫైళ్ళను చెరిపే ఆర్ఎం (rm) అనే ఆదేశం గురించి మాత్రం తప్పక చదవండి. దానితో చెరిపినవి చెత్తబుట్టలోకి కూడా వెళ్ళవు.

సిరిమానోత్సవానికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. టైమ్‌షిఫ్ట్ అమర్చి పెడతాను. అది సిస్టమ్ ఫైళ్ళనే భద్రపరుస్తుంది, మనం చెబితే తప్ప హోమ్ జోలికి పోదు. కాబట్టి ఈలోగా మీ డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచండి.

ఇట్లు,
మీ తాతయ్య