వించ్ బ్యాటరీ: 300 ఆంపియర్లా, 500 ఆంపియర్లా?

రేడియో కంట్రోల్ గ్లైడర్ కోసం మొదటిసారి వించ్, అంటే మోడల్‌ను దారంతో పైకి లాగే మోటార్ యంత్రం, కట్టుకునే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. బ్యాటరీ ఏది పెట్టాలి? రెండు బ్యాటరీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని మీద 300 ఆంపియర్లని, ఇంకోదాని మీద 500 ఆంపియర్లని ఉంటుంది. ఎవరైనా రెండోదే బలమైనదనుకుంటారు. కానీ ఆ రెండింటి సత్తా దాదాపు ఒకటే కావచ్చు. పోటీ నియమాలు కూడా ఈ రెండు అంకెలనూ ఒకే వాక్యంలో పక్కపక్కనే పెట్టి, రెండూ సమానమే అన్నట్టు రాశాయి. ఎందుకలా రాయాల్సి వచ్చిందో తెలిస్తే బ్యాటరీ ఎంచుకోవడం చాలా తేలికవుతుంది.

ఇంజిన్ లేని మోడల్‌ను పైకి లేపాలంటే ఎవరో ఒకరు లాగాలి. మొదట్లో గాలిపటం ఎగరేసినట్టు ఒకరు దారం పట్టుకుని పరిగెత్తేవారు. తర్వాత సాగే రబ్బరు గొట్టాన్ని నేలకు బిగించి, వెనక్కి లాగి వదిలే పద్ధతి వచ్చింది. దాన్నే హై-స్టార్ట్ అంటారు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కానీ పరిగెత్తే మనిషి అలసిపోతాడు, రబ్బరు లాగుడు పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఎన్నిసార్లు లాగినా ఒకే బలంతో, మనం అడిగినప్పుడు అడిగినంత లాగేది కావాలి. అలా వచ్చిందే కరెంటు వించ్.

దాని పని తీరు చూస్తే బ్యాటరీ మీద పడే బరువు అర్థమవుతుంది. పైలట్ పక్కనే నేల మీద మోటార్, దానికి నేరుగా బిగించిన డ్రమ్ము ఉంటాయి. డ్రమ్ము నుంచి నైలాన్ దారం ఎదురుగా 200 మీటర్ల దూరంలో ఉన్న కప్పీ దాకా వెళ్లి, దాన్ని చుట్టి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ చివరను గ్లైడర్ కింది కొక్కేనికి తగిలిస్తారు. పైలట్ కాలితో పెడల్ నొక్కుతాడు. మోడల్‌ను చేత్తో పట్టుకున్న మనిషికి దారం బిగుసుకుంటున్న కొద్దీ భుజం ముందుకు లాగేసినట్టు అవుతుంది. వదలగానే గ్లైడర్ దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. పైకి వెళ్లేటప్పుడు పైలట్ పెడల్‌ను తొక్కుతూ వదులుతూ, దారం తెగకుండా, రెక్క విరగకుండా చూసుకుంటాడు. చివర్లో ముక్కు కిందికి వంచి వేగం పెంచి, సాగిన దారంలో దాగిన బలాన్ని కూడా వాడుకుని ఒక్కసారిగా పైకి దూకిస్తాడు. దీన్ని జూమ్ అంటారు. మొత్తం కొన్ని సెకన్ల పని. ఆ కొన్ని సెకన్లలోనే మోటార్ వందల ఆంపియర్లు తాగేస్తుంది.

ఆ మోటార్ వేరే ఎక్కడినుంచో రాలేదు, కార్ల నుంచి వచ్చింది. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక, చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసే బాధ క్రమంగా పోయింది. మనం సెల్ఫ్ మోటార్ అని పిలిచేది అదే. దానికి జతగా బ్యాటరీ కూడా మారింది. లెడ్-యాసిడ్ బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లోనే కనిపెట్టాడు. కారు స్టార్ట్ చేయడానికి మాత్రం దాన్ని పలచటి ప్లేట్లతో, ఎక్కువ ఉపరితలంతో తయారుచేయడం మొదలుపెట్టారు. ప్లేట్ల ఉపరితలం ఎంత ఎక్కువైతే ఒక్కసారిగా అంత ఎక్కువ కరెంటు బయటికి వస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో ప్లేట్లు మందంగా ఉంటాయి. అది గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇవ్వడానికి పుట్టింది. వించ్‌కి ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టి నిరాశపడేవాళ్లు ఈ ఒక్క తేడా గమనించకే ఇబ్బంది పడతారు.

అమెరికాలో ఫోర్డ్ కార్ల పొడుగు షాఫ్ట్ స్టార్టర్ మోటార్లు వించ్‌లకు బాగా వాడుకలోకి వచ్చాయి. యూరప్‌లో బాష్ వంటి కంపెనీల మోటార్లు ఎక్కువ వాడారు. మోటార్ కారుది, బ్యాటరీ కారుది కావడంతో ఎవరైనా ఇంట్లోనే వించ్ తయారుచేసుకోగలిగారు. ఈ క్రీడ అంత త్వరగా వ్యాపించడానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం.

రేడియో కంట్రోల్ గ్లైడర్ పోటీల్లో ఎఫ్3బీ అనే తరగతిలో ఒకే మోడల్‌తో మూడు పనులు చేయాలి. 10 నిమిషాలు గాల్లో ఉండాలి, 4 నిమిషాల్లో వీలైనన్ని ల్యాపులు కొట్టాలి, 150 మీటర్ల దూరాన్ని నాలుగుసార్లు వీలైనంత వేగంగా దాటాలి. 1977లో దక్షిణాఫ్రికాలో ఈ తరగతికి మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. వేగం పోటీలో ఎంత ఎత్తు నుంచి మొదలుపెడితే అంత లాభం. ఎత్తు కావాలంటే లాగుడు బలంగా ఉండాలి. దాంతో అందరి కళ్లూ వించ్ మీద, తర్వాత బ్యాటరీ మీద పడ్డాయి. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువ లాగుతుంది. రెండు బ్యాటరీలను సమాంతరంగా, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే లోపలి నిరోధం, అంటే బ్యాటరీ లోపలే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, సగమవుతుంది, ఇంకా ఎక్కువ లాగుతుంది. దీనికి అంతు లేదు. డబ్బు, బరువు మోసే ఓపిక ఉన్నవాళ్లదే పైచేయి అయ్యే పరిస్థితి. గ్లైడర్ నడపడంలో నేర్పుకు జరగాల్సిన పోటీ బ్యాటరీల పోటీగా మారకూడదు కదా.

అందుకే అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్ఏఐ, నియమాల్లో బ్యాటరీకి హద్దు పెట్టింది. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీయే ఉండాలి. మోటార్ ఒక్కటే, డ్రమ్మును నేరుగా తిప్పాలి. చలిలో స్టార్ట్ చేసే సామర్థ్యానికి కూడా గరిష్ఠ పరిమితి ఉంది. జర్మన్ డీఐఎన్ ప్రమాణం ప్రకారం కొలిస్తే 300 ఆంపియర్లు, అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం ప్రకారమైతే 355, అమెరికన్ ఎస్ఏఈ ప్రకారమైతే 500.

మూడు అంకెలు ఎందుకంటే మూడు పరీక్షలూ వేరు కాబట్టి. మూడింటిలోనూ బ్యాటరీని మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరుస్తారు. ఆ వింత అంకె ఫారెన్‌హీట్ కొలతలో సున్నా దగ్గరకు వస్తుంది. ఎస్ఏఈ పరీక్షలో 30 సెకన్ల పాటు కరెంటు లాగితే వోల్టేజి 7.2 కంటే కిందికి పోకూడదు. డీఐఎన్‌లో కూడా 30 సెకన్లే, కానీ 9 వోల్టులు నిలబడాలి. ఐఈసీలో 60 సెకన్లు, 8.4 వోల్టులు. 9 వోల్టులు నిలబెట్టడం 7.2 నిలబెట్టడం కంటే చాలా కష్టం కాబట్టి, అదే బ్యాటరీకి డీఐఎన్ అంకె చిన్నగా, ఎస్ఏఈ అంకె పెద్దగా వస్తుంది. బ్యాటరీ మారదు, అంకె మారుతుంది. కాబట్టి లేబుల్ మీద ఆంపియర్లు చూసేముందు పక్కనే చిన్న అక్షరాల్లో ఏ ప్రమాణం రాశారో చూడాలి. అది లేకుండా ఒట్టి అంకెను నమ్మి కొంటే చేతికి సగం సమాచారమే వచ్చినట్టు.

ఈ హద్దు ఒక్కటే సరిపోలేదు. బ్యాటరీని కట్టడి చేస్తే తీగలు లావుగా, స్విచ్ మెరుగ్గా పెట్టుకుని లాగుడు పెంచుకోవచ్చు. అందుకే నియమం మొత్తం సర్క్యూట్‌ను ఒకటిగా చూసింది. బ్యాటరీ, తీగలు, స్విచ్, మోటార్ అన్నీ కలిపి నిరోధం కనీసం 23 మిల్లీఓమ్‌లు ఉండాలి. తక్కువైతే స్థిరమైన నిరోధం ఒకటి మధ్యలో చేర్చి సరిచేయాలి. పరీక్షలో డ్రమ్ము తిరగకుండా పట్టి ఉంచి, స్విచ్ వేసిన 300 మిల్లీసెకన్లకు ఎంత కరెంటు పోతోందో కొలుస్తారు. 12.5 వోల్టులను 0.023తో భాగిస్తే దాదాపు 540 ఆంపియర్లు. అదే పై హద్దు. మోటార్‌కు, బ్యాటరీకి మధ్య ఎలక్ట్రానిక్ పరికరాలేవీ ఉండకూడదు. బ్యాటరీని వేడి చేయకూడదు, మోటార్‌ను చల్లబరచకూడదు, లాంచ్ లైన్ దగ్గర ఛార్జింగ్ పెట్టకూడదు. వేడి బ్యాటరీకి లోపలి నిరోధం తగ్గుతుందని, చల్లటి మోటార్ ఎక్కువ లాగుతుందని తెలిసినవాళ్లే ఇవి రాశారు.

ఈ 23 మిల్లీఓమ్‌ల నియమం బ్యాటరీ ప్రశ్నను పూర్తిగా తిప్పేసింది. ఎంత గొప్ప బ్యాటరీ పెట్టినా మొదటి లాగుడు అందరికీ ఒకటే. మరి మంచి బ్యాటరీ దేనికి? ఐదో లాంచ్ కోసం. మధ్యలో చేర్చిన స్థిర నిరోధం పొద్దున ఎంతో సాయంత్రమూ దాదాపు అంతే. బ్యాటరీ లోపలి నిరోధం మాత్రం ఛార్జి దిగేకొద్దీ పెరుగుతుంది. మొత్తం 23లో బ్యాటరీ వాటా ఎంత తక్కువగా ఉంటే, ఛార్జి దిగినా లాగుడు అంత తక్కువ మారుతుంది. పైలట్ కాలికి అలవాటైన పెడల్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటే టెన్షనే. కాబట్టి హద్దు లోపల ఉంటూనే లోపలి నిరోధం తక్కువగా ఉన్న, కొత్త, పూర్తిగా ఛార్జయిన బ్యాటరీయే సరైనది. ఆంపియర్-అవర్లు ఆ తర్వాతే. ఒక లాంచ్‌కి సగటున 200 ఆంపియర్లు, 10 సెకన్లు అనుకుందాం. లెక్కేస్తే 0.55 ఆంపియర్-అవర్. 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది వందో వంతు. కొన్ని లాంచ్‌లకే బ్యాటరీ ఖాళీ అయిపోతుందన్న భయం అక్కర్లేదు. లాగుడు నీరసించేది దానికి చాలా ముందే.

బ్యాటరీ మంచిదే అయినా వించ్ నీరసంగా లాగుతుంటే ముందు టెర్మినల్స్ చూడాలి. లెడ్ పోస్టు చుట్టూ పేరుకునే తెల్లటి పొడి, వదులైన నట్టు కలిసి 2 మిల్లీఓమ్‌లు చేరిస్తే చాలు, 300 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టులు అక్కడే పోతాయి. అంటే ఆ ఒక్క కీలు దగ్గర 180 వాట్ల వేడి. రెండు మూడు లాంచ్‌ల తర్వాత చేత్తో తాకితే లగ్గు, అంటే తీగ చివర టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్క, కాలుతుంది. అది చాలు, లోపం ఎక్కడుందో చెప్పడానికి. పొడి గోకి శుభ్రం చేసి, బిగించి, గ్రీజు రాస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తప్పవచ్చు.

దిగిపోయిన బ్యాటరీతో ఇంకో ప్రమాదముంది. పెడల్ నొక్కగానే మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్‌ను సోలెనాయిడ్ అంటారు. వోల్టేజి బాగా పడిపోతే దాన్ని పట్టి ఉంచే బలం చాలక దాని కాంటాక్టులు టకటకా కొట్టుకుంటాయి. ప్రతి దెబ్బకూ మెరుపు లేస్తుంది, ఒక్కోసారి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు పెడల్ మీద కాలు తీసినా మోటార్ ఆగదు. దారం చుట్టుకుంటూనే ఉంటుంది. అందుకే చేతికి అందేచోట, ఒక్క లాగుతో బ్యాటరీని విడదీసే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. దీన్ని తర్వాత పెడదాంలే అనుకోకూడదు, మనుషుల వేళ్లకు సంబంధించిన విషయం.

తర్వాత వచ్చిన మార్పుల్లో వించ్‌కి బాగా కుదిరింది ఏజీఎం అనే రకం లెడ్-యాసిడ్ బ్యాటరీ. ఇందులో యాసిడ్‌ను గాజు పీచు చాపలు పీల్చుకుని ఉంటాయి. ఒలకదు, నీళ్లు పోయక్కర్లేదు, లోపలి నిరోధం తక్కువ. కానీ బలమైన ఏజీఎం బ్యాటరీల చలి సామర్థ్యం ఎస్ఏఈ లెక్కలో 500 దాటిపోయేవే ఎక్కువ, పోటీకి తీసుకెళ్లేముందు చూసుకోవాలి.

ఇప్పటి వాదన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల మీద. జాన్ గుడెనఫ్ బృందం ఈ పదార్థాన్ని 1997లో వెలుగులోకి తెచ్చింది. బరువు చాలా తక్కువ, దాదాపు చివరిదాకా వోల్టేజి నిలబడుతుంది. సరిగ్గా వించ్ పైలట్ కోరుకునే గుణమే. అయినా దాన్ని నేరుగా తెచ్చి తగిలించకూడదు. మామూలుగా దొరికే లిథియం బ్యాటరీ లోపల దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉంటుంది. చాలావాటిలో అది 100 ఆంపియర్ల దగ్గరే హద్దు గీస్తుంది. వించ్ 400 అడగ్గానే కరెంటు కట్ చేసేస్తుంది, గ్లైడర్ సగం ఎత్తులో, దారం వదులై ఉండగా. పోటీల్లో లెడ్-యాసిడే ఉండాలన్న నియమం ఎలాగూ ఉంది, పైగా మోటార్‌కు, బ్యాటరీకి మధ్య ఎలక్ట్రానిక్ పరికరం ఉండకూడదన్న నియమానికి బీఎంఎస్ ఎదురుగా నిలుస్తుంది. లెడ్ బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యం ఇప్పుడు దానికి సంబంధం లేని రసాయనానికి అడ్డు పడుతోంది. సరదాగా ఎగరేసుకునేవాళ్లకు ఈ చిక్కు లేదు. బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లు, ఎన్ని సెకన్లు తట్టుకుంటుందో చూసి, లోపలి నిరోధం తక్కువ కాబట్టి సర్క్యూట్‌లో స్థిర నిరోధం పెంచి, మోడల్ రెక్క తట్టుకునే లాగుడుకు తెచ్చుకోవాలి.

లెడ్ బ్యాటరీ వాడేవాళ్లు రాత్రి పూర్తిగా ఛార్జి చేసి, ఛార్జర్ తీశాక కొన్ని గంటలు వదిలి వోల్టేజి చూడాలి. 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే. సగం ఛార్జిలో వారాల తరబడి మూల పడేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, లోపలి నిరోధం పెరుగుతుంది, మళ్లీ ఎంత ఛార్జి పెట్టినా అది పూర్తిగా తగ్గదు. సీజన్ అయిపోయాక నెలకోసారి ఛార్జర్ తగిలించి పెట్టడం వల్లే ఒక వించ్ బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది.